ఇరవై ఆరు వేల అడుగులు

"నువ్వెలాగూ ఇంట్లో తిరుగుతూనే ఉంటావు కదా, ఇది కాస్త నీ చేతికి పెట్టుకో" అన్నాడు భర్త, సోఫాలో కాలు చాపుకుని, తన పరుగుల వాచీని ఆమె వైపు పట్టుకుని.

ఆమె అప్పుడు బాల్కనీలో అతని బూట్లు కడుగుతోంది. కొండదారి పరుగుకి వేసుకెళ్ళే బూట్లు అవి. అడుగున పళ్ళలా రబ్బరు ముళ్ళుంటాయి, వాటి సందుల్లో మట్టి గట్టిపడి కూర్చుంటుంది. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో గీకాలి. లోపలి అట్ట విడిగా తీసి ఉతకాలి. పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కాలి. ఎండలో పెట్టకూడదు, జిగురు ఊడిపోతుందట. మొదటిసారి తెలియక ఎండలో పెట్టినందుకు రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. రోడ్డు మీద పరుగుకి ఒక జత, కొండదారికి ఒక జత, వానల్లోకి ఒక జత, పోటీ రోజున మాత్రమే పెట్టె తెరిచి తీసే జత ఇంకొకటి. ఒక్కో జత ఏడు వందల కిలోమీటర్లు తిరిగితే దాని ప్రాణం పోయినట్టేనని అతను పిల్లకి పాఠం చెప్పినట్టు చెబుతాడు. "పైకి బాగానే కనిపిస్తుంది. లోపల మెత్తదనం చచ్చిపోతుంది. అలాంటివి వేసుకుని పరిగెత్తితే కాళ్ళు నాశనమే." అలా ప్రాణం పోయిన ఒక జత, రెండు సైజులు పెద్దది, ముందు భాగంలో దూది కుక్కుకుని, ఆమె రోజూ పనికి వేసుకెళ్తుంది.

"నా చేతికెందుకు?" అంది ఆమె.

ఎందుకో అతను ఓపిగ్గా చెప్పాడు. తనకి కావలసిన విషయం చెప్పేటప్పుడు అతనికి ఓపిక ఎక్కువ. వాళ్ళ పరుగుల క్లబ్బులో వంద రోజుల పట్టు అని ఒకటి పెట్టారు. వంద రోజుల పాటు ఒక్క రోజు కూడా తప్పకుండా, రోజుకి పదివేల అడుగులకి తగ్గకుండా తిరగాలి. వాచీలో పడిన లెక్క ఫోన్లోకి, అక్కణ్ణుంచి క్లబ్బు పట్టికలోకి దానంతటదే వెళ్ళిపోతుంది. వంద పూర్తి చేసినవాళ్ళకే కొండ పరుగు పోటీలో చోటు. ఏడాదికి ఒకేసారి జరిగే పోటీ, నలభై మందికే అవకాశం. పోయిన ఏడాది రెండు రోజులు జ్వరమొచ్చి అతని చోటు పోయింది. ఈసారి అరవై రోజులు నిరాటంకంగా లాక్కొచ్చాడు. క్లబ్బులో అతన్ని చిరుత అంటారు. ఆ చిరుత మంగళవారం పొద్దున్నే ఒంటరిగా కొండదారికి వెళ్ళి, చెట్టువేరు మీద కాలేసి, చీలమండ మెలికపడి, కుంటుకుంటూ ఇల్లు చేరింది.

"గాయమైందని చెబితే మా కోచ్ మేడమ్ నా పేరు కొట్టేస్తుంది. గాయమైనవాణ్ణి కొండ ఎక్కనివ్వనని ముందే చెప్పింది. పోటీకింకా పదకొండు వారాలుంది. నెల తిరిగేసరికి నా కాలు బాగవుతుంది. అప్పటిదాకా పట్టికలో పేరుంటే చాలు. రాత్రి కూడా తియ్యకు, నిద్రా నాడీ కూడా లెక్కేస్తుంది. నీళ్ళల్లో తడిసినా ఏం కాదు."

అంట్లు తోమేటప్పుడు తియ్యక్కర్లేదని దాని అర్థం. ఆమె తడిచెయ్యి చీర కొంగుకి తుడుచుకుని ముందుకు చాపింది. అతనే కట్టాడు. పట్టీ ఆమె మణికట్టుకి వదులైతే చివరి చిల్లు దాకా లాగి బిగించాడు. పెళ్ళయిన పదహారేళ్ళలో అతను తన చేతిని అంతసేపు పట్టుకోవడం ఎప్పుడు జరిగిందా అని ఆమె గుర్తు చేసుకోబోయింది. ఈలోగా గదిలోంచి అత్తగారు వేన్నీళ్ళు అడిగారు.

ఆమెకి ఒక రహస్యం ఉంది. రహస్యమంటే దాచిపెట్టింది కాదు, ఎవరూ అడగనిది. పొద్దున నాలుగున్నరకి అలారం మోగగానే మంచం దిగి కుడికాలు నేల మీద పెడితే, మడమలోంచి మేకు దిగినట్టు ఒక నొప్పి మోకాలి దాకా పాకుతుంది. మొదటి పది అడుగులూ గోడ పట్టుకుని వెయ్యాలి. తర్వాత పనిలో పడితే కాస్త మొద్దుబారుతుంది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. ఏడాదిన్నరగా ఇదే వరస. మొదట్లో ఒకసారి భర్తతో అంది. అతను పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, తనకి తెలిసిన విషయం దొరికిన ఆనందంతో, "అది అరికాలి పట్టీ వాపు. పరిగెత్తేవాళ్ళకి వస్తుంది. నువ్వు పరిగెత్తవు కదా, నీకెందుకొస్తుంది?" అన్నాడు. నిజమే కదా అని ఆమె కూడా అనుకుంది. తనకి రాకూడని నొప్పి తనకి వచ్చినందుకు కాస్త సిగ్గు కూడా పడింది.

ఆమె పనిచేసేది ఒక ఆసుపత్రి కింద అంతస్తులో ఉన్న మందుల షాపులో. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా కౌంటరు వెనక నిలబడటం, చీటీ అందుకోవడం, అరల మధ్య పరుగు, నిచ్చెన ఎక్కడం, దిగడం. ఇదివరకు కౌంటరు వెనక ఒక స్టూలు ఉండేది. కొత్త మేనేజరు వచ్చిన వారానికే దాన్ని గోడౌన్లో పడేయించాడు. "కూర్చున్న మనిషిని చూస్తే వచ్చినవాళ్ళకి నమ్మకం కుదరదమ్మా" అన్నాడు, తన తిరిగే కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ. పై అంతస్తులోని ఎముకల డాక్టరు దగ్గర్నుంచి రోజుకి ముప్పై నలభై చీటీలు దిగుతాయి. నొప్పి మాత్రలు, పూత మందు, మడమ కింద పెట్టుకునే మెత్తలు. చివరి వరసలో ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది, విశ్రాంతి అని. మిగతావన్నీ ఆమె అరల్లోంచి తీసి ఇస్తుంది. ఆ ఒక్కటీ వాళ్ళ షాపులో దొరకదు. అది ఇంట్లో దొరికే జనం కూడా ఉంటారని, వాళ్ళు ఆ మాట చదివి తేలిగ్గా తల ఊపి వెళ్ళిపోతుంటే చూసి తెలుసుకుంది.

వాచీ కట్టిన మొదటి రోజు సాయంత్రం భోజనాల దగ్గర, పద్నాలుగేళ్ళ కూతురు తండ్రి ఫోను చూసి కేక పెట్టింది. "నాన్నా! ఇరవై ఆరు వేల నూట నలభై!"

అతను అన్నం కలుపుతున్నవాడల్లా ఆగాడు. "ఏదీ, చూపించు. వాచీ గానీ పాడైందా? పదిహేను కిలోమీటర్ల పైమాటే ఇది." ఆమె వైపు తిరిగాడు. "ఇవాళ ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు" అంది ఆమె, అత్తగారికి మజ్జిగ పోస్తూ.

అది అబద్ధం కాదు. పొద్దున్నుంచీ తను ఎక్కడికెళ్ళిందో ఆమె తలుచుకుంది. వంటింట్లోంచి అత్తగారి గదికి, అక్కణ్ణుంచి బాత్రూముకి, బాల్కనీకి, మళ్ళీ వంటింటికి. కూతురి సాక్సు కోసం మూడు గదులు. భర్త కాలికి ఐసు ముక్కల సంచి ఫ్రిజ్జు నుంచి సోఫాకి, కరిగిపోయాక సోఫా నుంచి సింకుకి, అలా రోజుకి నాలుగుసార్లు. లిఫ్టు ఆగిపోతే గ్యాసు బండవాడు కిందే పెట్టి పోయాడు, మూడు అంతస్తులు కూతురితో కలిసి మోసింది. బస్సుస్టాపు, షాపు, నిచ్చెన, అరలు. తిరిగి వచ్చేటప్పుడు కూరలు. ఇల్లు చేరగానే బూట్లు విప్పకుండానే స్టవ్వు. ఇదంతా కలిపితే పదిహేను కిలోమీటర్లట. అంత దూరం ఒకే దిక్కుగా నడిచి ఉంటే ఈపాటికి ఏ ఊళ్ళో తేలి ఉండేదో. పదహారేళ్ళు ఒకే దిక్కుగా నడిచి ఉంటే భూమి చుట్టూ రెండుసార్లు తిరిగి, సముద్రాలన్నీ చూసి, మళ్ళీ ఈ మజ్జిగ గిన్నె దగ్గరికే వచ్చేదేమో. ఆ ఆలోచనకి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు ముఖం దాకా రాలేదు.

"చాలా బాగుంది" అన్నాడు అతను. ఆమెతో కాదు, ఫోనుతో.

వారం తిరిగేసరికి పట్టికలో చిరుత పదకొండో స్థానం నుంచి నాలుగో స్థానానికి ఎక్కాడు. క్లబ్బు వాళ్ళు చప్పట్ల బొమ్మలు పంపించారు. సోఫాలో పడుకుని, చీలమండ కింద రెండు దిళ్ళు పెట్టుకుని, అతను ఒక్కో మెచ్చుకోలూ పైకి చదివి వినిపించేవాడు. "ఏం తిండి తింటున్నావు గురూ అని అడుగుతున్నాడు మా బ్యాంకాయన." "ఇంత నిలకడ మనిషికి సాధ్యమా అంటున్నాడు చూడు." ఎవరో ఆదివారం కలుద్దామంటే ఆఫీసు పని ఉందని రాశాడు. ఒకసారి సుదీర్ఘంగా ఏదో రాసి, "నీ గురించి కూడా రాశాలే" అన్నాడు. ఆమె గిన్నె దించి వచ్చి చూసింది. "కుటుంబ సహకారం లేనిదే ఏదీ సాధ్యం కాదు" అని ఉంది. కింద ముప్పై రెండు చప్పట్లు.

నాలుగో స్థానం వచ్చాక మూడో స్థానం మీద మనసు పడింది. రాత్రి భోజనాలయ్యాక, ఆమె కాళ్ళు కడుక్కుని నడుం వాల్చబోతుంటే, "ఇంకో ఎనిమిది వందలుంటే ఆ బ్యాంకాయన్ని దాటేస్తాం" అనేవాడు. దాటేస్తాం అనేవాడు, ఇద్దరూ కలిసి పరిగెడుతున్నట్టు. "చెత్తబుట్ట కింద పెట్టి వస్తావుగా, లిఫ్టు వద్దు, మెట్లు దిగు. ఎలాగూ చెయ్యాల్సిన పనే కదా." అత్తగారు కూడా ఓ చెయ్యి వేశారు. "కాస్త నడువమ్మాయ్, వాడి పేరు నిలబడుతుంది. అన్నం తిన్నాక నడిస్తే ఒంటికి కూడా మంచిదే." అన్నం అందరూ తిన్నారు. ఒంటికి మంచి మాత్రం ఆమెకే రాసిపెట్టి ఉన్నట్టుంది. ఆమె బుట్ట పట్టుకుని మెట్లు దిగింది. దిగేటప్పుడు మడమ, ఎక్కేటప్పుడు మోకాలు. రెండో అంతస్తు మలుపులో ఒకసారి కూర్చుండిపోయింది. మెట్టు చల్లగా ఉంది. పైన లైటు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. లోకంలో జనం ఇల్లు కావాలనీ నగలు కావాలనీ ఏవేవో కోరుకుంటారు. వాళ్ళాయన కొండ మీదికి పరిగెత్తాలనుకుంటాడు. తనకి పరుగు మీద ఆశ లేదు. ఎప్పుడూ లేదు. తనకి కూర్చోవాలని ఉంది, అంతే. ఎవరూ పిలవని చోట, ఒక గంట. అంతలో వాచీ మణికట్టు మీద గుర్రుమని వణికింది. చాలాసేపటినుంచి కదలలేదు, లేచి నడవండి అని దాని మీద అక్షరాలు వచ్చాయి.

"నువ్వూ మొదలెట్టావా!" అంది ఆమె వాచీతో, లేస్తూ.

షాపులో తనతో పనిచేసే పెద్దావిడకి మాత్రం ఈ సంగతి చెప్పింది. అందరూ అక్కా అనే ఆవిడ కాళ్ళ మీద నరాలు నీలంగా ఉబ్బి ఉంటాయి, బిగుతు మేజోళ్ళు వేసుకుని నిలబడుతుంది. విని, అరచేత్తో నోరు మూసుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "అయితే రోజుకి ఇరవై ఆరు వేలా! పతకం ఏమన్నా ఇస్తారా మరి?"

"ఇస్తారు. మా ఆయనకి."

ఇద్దరూ మందుల పెట్టెల వెనక్కి వంగి, మేనేజరుకి కనపడకుండా కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు ఆగాక అక్క ఆమె కాలి వైపు చూసింది. "కుంటుతున్నావే, చూపించుకోకూడదూ? డాక్టరు పైనే కదా ఉన్నాడు."

"చూపించుకుంటే ఏం రాస్తాడో నాకు తెలుసక్కా" అంది ఆమె. అక్కకీ తెలుసు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎనభై ఆరో రోజు, శనివారం సాయంత్రం, భర్త ఫోను మోగింది. అప్పటికి చిరుత రెండో స్థానంలో ఉన్నాడు. చీలమండ వాపు చాలావరకు తగ్గింది, ఇంట్లో అటూ ఇటూ కాస్త నడుస్తున్నాడు గానీ, ఆమె ఇంట్లో ఉన్నప్పుడు తక్కువ నడుస్తున్నాడు. ఫోను చేసింది కోచ్. ఆవిడ ముప్పై ఏళ్ళు స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. అరవై దాటినా క్లబ్బులో అందరూ ఆవిడంటే హడలిపోతారు. అతను గబగబా సర్దుకుని కూర్చుని, అందరూ వినాలని స్పీకరు పెట్టాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆమె పక్కనే నేల మీద కూర్చుని అతని చీలమండకి గుడ్డపట్టీ చుడుతోంది.

"ఏమయ్యా, చావాలనుందా?" అంది ఫోనులో గొంతు.

"మేడమ్?"

"నీ లెక్కలు ముందేసుకుని కూర్చున్నా. అరవయ్యో రోజు దాకా నిద్రలో నీ నాడి యాభై. ఆ తర్వాత ఒక్కసారిగా డెబ్బై. జ్వరమేమో, తగ్గుతుందిలే అని ఊరుకున్నా. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. పడుకునేది పదకొండున్నరకి, లేచేది నాలుగున్నరకి. మధ్యలో రెండుసార్లు మెలకువ. పగలంతా కలిపి నువ్వు కూర్చున్నది నలభై నిమిషాలు. నలభై! నేను ఇన్నేళ్ళలో ఇంతమంది పిల్లల్ని పరిగెత్తించాను, ఇలా ఎవరూ ఒళ్ళు హూనం చేసుకోలేదు. పైగా ఇవి పరుగు అడుగులు కావు. పది అడుగులు, ఒక మలుపు, ఆరు అడుగులు, ఆగడం, మళ్ళీ మలుపు. రోజంతా ఇదే. ఇది ఏం సాధన?"

"అంటే... ఇంట్లోనే చేస్తున్నా మేడమ్" అన్నాడు అతను, నీళ్ళు నములుతూ.

"ఇంట్లోనా?" అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "సరే. చెప్పేది విను. గాయమైనవాణ్ణి నేను కొండ ఎక్కనివ్వను. అలసిపోయినవాణ్ణి మాత్రం పడుకోబెట్టి మరీ ఎక్కిస్తాను, గాయం కాకముందే ఆపడం నా పని. ఈ ఒంటికి పద్నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి కావాలి. మంచం దిగకూడదు. మంచినీళ్ళు కూడా ఎవరో ఒకరు తెచ్చివ్వాలి. మిగిలిన రోజులు చేసినట్టే రాసుకుంటాను. కానీ రోజుకి వెయ్యి అడుగులు దాటాయో, నీ పేరు కొట్టేస్తాను. నాడి నేను రోజూ చూస్తాను. డెబ్బై ఎనిమిది మెల్లమెల్లగా దిగాలి. ఒక్కరోజులో దభీమని దిగిందంటే వాచీ చేతులు మారిందని అర్థం. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

ఆవిడ ఫోను పెట్టేసింది. గుడ్డపట్టీ చివర ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఈ ఒంటికి అంది ఆవిడ. ఎవరో, ఎప్పుడూ చూడని మనిషి, ఎక్కడో తన ఇంట్లో కూర్చుని, తన నిద్రలోకి, తన గుండెలోకి, తను వేసే పదేసి అడుగుల్లోకి తొంగి చూసి, కోపంగా, ఈ ఒంటికి విశ్రాంతి కావాలంది. ఇన్నేళ్ళలో తన గురించి ఒకరు పెట్టుకున్న మొదటి కోపం అది. అదీ వేరేవాళ్ళ పేరు మీద.

భర్త ఊపిరి పీల్చుకుని, ముఖం చేటంత చేసుకుని, దిళ్ళ మీదికి వాలిపోయాడు. "విన్నారా? పద్నాలుగు రోజులు మంచం దిగొద్దంది. రోజులు కూడా పోవు. ఇంతకంటే ఏం కావాలి!"

"దిష్టి తగిలిందిరా నీకు" అన్నారు అత్తగారు గదిలోంచి. "ఎంత తిరిగాడో బిడ్డ! అమ్మాయ్, రేపట్నుంచి వాడికి మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే."

ఆమె తలెత్తి అత్తగారి గది గుమ్మం వైపు చూసింది. ఆవిడ వేళాకోళం ఆడటం లేదు. నెల రోజులుగా ఆ వాచీ ఎవరి చేతికి ఉందో ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ చూసింది ఆవిడే. వేన్నీళ్ళ గ్లాసు అందుకున్నప్పుడల్లా ఆ చేతినే చూసింది. అయినా తిరిగింది కొడుకే అని నమ్మింది. అబద్ధమాడటం లేదు, నిజంగానే నమ్మింది. ఆ నమ్మకం చూసి ఆమెకి మొదటిసారి భయం వేసింది. ఇంకో పదేళ్ళు పోతే తను కూడా నమ్ముతుంది. నమ్మి, ఈ పిల్లకి చెబుతుంది. కూతురు తలుపు దగ్గర నిలబడి, తండ్రి వైపూ తల్లి మణికట్టు వైపూ మార్చి మార్చి చూస్తోంది.

"ఇటివ్వు మరి" అన్నాడు భర్త, చెయ్యి చాపి.

"ఏమిటి?"

"వాచీ. ఇక నేనే పెట్టుకుంటా. పడుకునేది నేనే కదా."

ఆమె గుడ్డపట్టీ చివర మడిచి, పిన్ను గుచ్చి, జాగ్రత్తగా నొక్కింది. చేసిన పనిని సగంలో వదిలేయడం ఆమెకి అలవాటు లేదు. తర్వాత సోఫా అంచు పట్టుకుని లేచింది.

"మీ నాడి యాభై" అంది.

"అయితే?"

"రేపు పొద్దున్నే ఆవిడ చూస్తుంది. డెబ్బై ఎనిమిది నుంచి యాభైకి. దభీమని."

అతని చెయ్యి చాపినది చాపినట్టే ఉండిపోయింది. ఆలోచిస్తున్నప్పుడు అతని నుదురు మధ్యలో ఒక గీత పడుతుంది, పోటీ ముందు రోజు దారి పటం చూసేటప్పుడు పడే గీతే. "పోనీ నీ చేతికే ఉండనీ" అన్నాడు చివరికి. "కాకపోతే పనిచేసేటప్పుడు తీసి పక్కన పెట్టు. పడుకునేటప్పుడు పెట్టుకో. అంతే కదా, తేలిక."

"పనిచేస్తే నాడి దిగదండీ" అంది ఆమె. గొంతు పెంచలేదు. షాపులో, ఈ మాత్ర తిన్నాక వేసుకోండి, ముందు కాదు, అని చెప్పే గొంతుతోనే చెప్పింది. "నెల రోజుల్నుంచీ ఎక్కుతూ వచ్చింది. తీసి పక్కన పెట్టి తిరిగినా ఎక్కుతుంది. ఆవిడ వాచీకి చెప్పలేదు. ఈ ఒంటికి అని చెప్పింది."

"అంటే ఏమంటావు? పద్నాలుగు రోజులు ఇల్లెవరు చూస్తారు?"

"నాకు తెలియదు" అంది ఆమె. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే విచిత్రంగా ఉంది. ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో, ఎప్పుడు ఏం కావాలో తనకి తెలియదని చెప్పడం అదే మొదటిసారి. "మీకు కొండ పరుగు కావాలంటే నేను పడుకోవాలి. అక్కర్లేదంటే ఇప్పుడే ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు ఆవిడకి చెప్పేయండి. చెప్పినా నేను పడుకుంటాను."

అతను ఫోను వైపు చూశాడు. చెయ్యలేదు.

ఆమె గదిలోకి వెళ్ళి, మందుల షాపు అక్కకి ఫోను చేసి రెండు వారాలు రానని చెప్పింది. మేనేజరుకి ఏం చెప్పమంటావని అక్క అడిగింది. "చీటీలో రాసుందని చెప్పు. చివరి వరస" అంది. అటుపక్క నవ్వు వినపడుతుందేమో అని చూసింది. వినపడలేదు. అక్క, "పడుకోమ్మా, పడుకో" అంది మెత్తగా.

పొద్దున నాలుగున్నరకి అలారం మోగింది. అలవాటుగా దుప్పటి పక్కకి నెట్టి, కుడికాలు మంచం మీంచి దించబోయింది. మడమ నేలకి జానెడు ఎత్తులో ఆగింది. నేల చల్లదనం అక్కడిదాకా తెలుస్తోంది, ఆ మేకు ఎక్కడ దిగుతుందో కూడా తెలుస్తోంది. పాలు, వేన్నీళ్ళు, పిల్ల టిఫిను, అత్తగారి మాత్ర, బాల్కనీలో ఆరేసిన బట్టలు, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చి నిలబడ్డాయి, కౌంటరు ముందు చీటీలు పట్టుకున్న జనంలాగా. ఒక్కొక్కరినీ చూసింది. ఎవరి చీటీ అందుకోలేదు. కాలు వెనక్కి తీసి దుప్పట్లో పెట్టుకుంది. గుండె మాత్రం మూడు అంతస్తులు ఎక్కినట్టు కొట్టుకుంది. దొంగతనం చేసినా ఇంత భయం వెయ్యదేమో. వాచీ పచ్చగా వెలిగి, ఆ దడని కూడా రాసుకుని, ఆరిపోయింది.

కిటికీ తెల్లబడింది. అత్తగారు రెండుసార్లు దగ్గారు. పాలవాడు గంట కొట్టి, ఎవరూ రాకపోతే తలుపు దగ్గర ప్యాకెట్లు పడేసి పోయాడు. ఆరు దాటాక భర్త అటు తిరిగి, "టీ ఇంకా అవలేదా?" అన్నాడు నిద్రలోనే.

ఆమెకి గొంతు ఎండిపోయింది. దాహం నిజంగానే వేస్తోంది. పక్కన ఎప్పుడూ గ్లాసు పెట్టుకునే అలవాటు లేదు, కావలసినప్పుడు లేచి వెళ్ళి తాగడమే. ఆమె పైకప్పు వైపు చూస్తూ, ఇల్లంతా వినపడేలా అంది.

"మంచినీళ్ళు కావాలి."

పక్క గదిలో కూతురు మంచం కిర్రుమంది. "తెస్తున్నా అమ్మా!"

"నువ్వు కాదు" అంది ఆమె. "నువ్వు పడుకో తల్లీ, ఆదివారం. నాన్న తెస్తారు."

అతను పూర్తిగా మేలుకున్నాడు. మోచేతి మీద లేచి ఆమె ముఖం చూశాడు, ఆమె మణికట్టు చూశాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "అమ్మా" అని పిలిచాడు.

"నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదరా" అన్నారు అత్తగారు లోపల్నుంచి. "నువ్వే వెళ్ళు."

అతను దుప్పటి తీసి, కాళ్ళు కింద పెట్టి, మెల్లగా లేచాడు. వంటింట్లో లైటు స్విచ్చి కోసం రెండు మూడు తప్పు స్విచ్చులు వేశాడు. గ్లాసులెక్కడున్నాయని అడుగుతాడేమో అనుకుంది, అడగలేదు. అరలు తెరిచి మూసిన చప్పుడు, ఏదో కిందపడ్డ చప్పుడు, నీళ్ళ చప్పుడు. మళ్ళీ ఇటువైపు అడుగులు, ఒక కాలు గట్టిగా, ఒక కాలు మెత్తగా. ఆమె కళ్ళు మూసుకుని వింది. వెళ్ళేటప్పుడు పద్దెనిమిది, వచ్చేటప్పుడు పద్దెనిమిది. ఆ ముప్పై ఆరు అడుగులూ ఏ వాచీలోనూ పడలేదు.